టవర్ పక్కనే ఉన్నా...: పాత టీవీ ప్రకటనల వింతలు విశేషాలు

సైదాబాద్ పాత ఇళ్ల మేడలెక్కి మలక్‌పేట వైపు చూస్తే కనిపించే ఎత్తయిన కట్టడం మూసారాంబాగ్ టీవీ టవర్. ఆ పేరుతో బస్‌స్టాపే ఉంది. మెట్రో వచ్చి స్టేషన్‌కి మూసారాంబాగ్ అని పేరు పెట్టినా ఆటోవాళ్లు ఇప్పటికీ ‘టీవీ టవర్’ అంటేనే ఆపుతారు. దానికి కొద్ది దూరంలో ఉన్న సైదాబాద్, సంతోష్‌నగర్, చంచల్‌గూడ వాళ్లకు దూరదర్శన్ అంటే ఇంటి పక్క సంగతి. అందుకే డెబ్బైల నాటి టీవీ ప్రకటనల ముచ్చట ఎత్తితే ఈ పేటల పెద్దవాళ్ల దగ్గర ఒక పట్టాన ఆగదు. సబ్బులు, చాయ్ పొడులు, పళ్ల పొడులు, చీరలు ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి.

అయితే తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ముచ్చట్లలో సగం టీవీవి కావు. కొన్ని సినిమా హాలువి, కొన్ని రేడియోవి, కొన్ని గోడలవి. ఇంకో వింత ఏమిటంటే, ఆ ప్రకటనలు చూసిన కాలం మనకు చాలా తక్కువ. కానీ వాటిని చూపించిన పెట్టెలు, వాటిని తీసిన మనిషి మాత్రం ఈ ఊరి వాళ్లే. ఆ లెక్కలన్నీ ఒక్కచోట చేర్చిన జాబితా ఇది.

అతి పొట్టి దశాబ్దం

మన దేశంలో టీవీ ప్రసారాలు 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలయ్యాయి. పదహారేళ్లకు పైగా వాణిజ్య ప్రకటన అన్న మాటే లేదు. దూరదర్శన్‌లో ప్రకటనలకు తలుపులు తెరిచింది 1976 జనవరి 1న. అదే ఏడాది ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుంచి వేరుపడింది. కన్ను ఆకారంలో తిరిగే ఆ గుర్తు, షెహనాయిలా సాగే ఆ సంగీతం అప్పటివే.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రాన్ని రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించింది 1977 అక్టోబర్ 23న. అంటే 1979 డిసెంబర్ ఆఖరు దాకా లెక్కేసినా ఈ ఊరికి ‘డెబ్బైల టీవీ’ దాదాపు రెండేళ్ల రెండు నెలలే. అందులోనూ సాయంత్రం పూట కొద్ది గంటలే ప్రసారం. తెలుగు వార్తలు కావాలంటే 1983 నవంబర్ 14 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు శాంతిస్వరూప్ చదివిన బులెటిన్‌తో టీవీకి తెలుగు వార్తలొచ్చాయి. ఆయన తెలుగులో మొట్టమొదటి టీవీ న్యూస్ రీడర్. ఎదురుగా తెర మీద అక్షరాలు కదిలే సదుపాయం లేని రోజుల్లో వార్తలు కంఠస్థం చేసి చెప్పిన మనిషి.

ఆనాటి దూరదర్శన్‌లో ప్రకటన కార్యక్రమం మధ్యలో దూరేది కాదు. ముందో వెనకో గుత్తగా వచ్చేవి. కాబట్టి సినిమా పాటలు మొదలవుతాయని పక్కింటి చాపల మీద పిల్లలు చేరి కూర్చునే ఆ అయిదు నిమిషాలూ ప్రకటనలవే. లేచి పోతే చోటు పోతుంది గనక వాటిని ఎవరూ వదిలేవారు కాదు. ఈనాటి కంపెనీలు ఎన్ని కోట్లు పోసినా దొరకని ప్రేక్షకులు వాళ్లు.

పట్నం కంటే పల్లెకు ముందు

హైదరాబాద్ వాసులు ఒప్పుకోవడానికి ఇష్టపడని రికార్డు ఇది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టీవీ ముందు చూసింది రాజధాని కాదు, పల్లెటూళ్లు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ‘సైట్’ అనే ఉపగ్రహ బోధనా ప్రయోగం జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు ఎరువిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ సెట్లు చేరాయి. ఆ ఆరింట్లో మనదీ ఒకటి. వ్యవసాయం, ఆరోగ్యం, బడి పిల్లల పాఠాలు తెలుగులో వచ్చేవి. పంచాయతీ ఆఫీసు ముందో బడి ముందో పెట్టిన సెట్టు ఎదుట ఊరంతా కూర్చునేది. ఆ ఏడాది పొడవునా ఒక్క సబ్బు ప్రకటన లేదు.

ఆ పల్లెల్లో పెట్టిన యాంటెన్నా మూడు మీటర్ల వెడల్పున్న గొడుగు. దాన్ని కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీతోనే అల్లారు. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం పంపే సంకేతం ఆ జాలీలో చిక్కేది. ఉపగ్రహాల ద్వారా ప్రపంచమంతా సమాచారం పంపొచ్చని 1945లోనే రాసిన ఆర్థర్ సి. క్లార్క్ అప్పుడు కొలంబోలో ఉండేవాడు. ఇస్రో ఇంజినీర్లు వెళ్లి ఆయన ఇంటి మీదా ఒక గొడుగు బిగించి వచ్చారు.

సైట్ ముగిశాక ఆ పల్లెలకు కార్యక్రమాలు ఆగిపోకుండా నేల మీది ట్రాన్స్‌మిటర్లు పెట్టడానికి దేశంలో ఆరు చోట్లు ఎంచుకున్నారు. జైపూర్, రాయపూర్, సంబల్‌పూర్, ముజఫర్‌పూర్, గుల్బర్గాలతో పాటు హైదరాబాద్ అందులో ఒకటి. పల్లెల పేరు చెప్పుకుని పట్నానికి టీవీ వచ్చిందన్న మాట.

ఇక్కడే పుట్టిన పెట్టె

సైట్ పల్లెలకు వెళ్లిన ఆ టీవీ సెట్లు ఎక్కడివి? నగరానికి ఈశాన్యాన ఉన్న ఈసీఐఎల్‌వి. 1967లో అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో పుట్టిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అణు కేంద్రాలకు పరికరాలు చేస్తూనే ఇంటింటికీ టీవీలు కూడా చేసింది. ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరున వెలిసిందే. వాల్వులు లేకుండా పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే టీవీని దేశంలో మొదట తయారుచేసిన ఘనత ఈసీఐఎల్‌ది. ‘ఈసీ టీవీ’ అంటే ఆ రోజుల్లో నగరంలో తెలియని ఇల్లు లేదు.

అదే వాల్వుల సెట్టైతే స్విచ్ వేయగానే బొమ్మ రాదు. ముందు గుంయ్‌మని చప్పుడు, తర్వాత తెర మీద బూడిదరంగు వెలుగు, ఆ తర్వాత నెమ్మదిగా మనుషులు. కట్టేసినప్పుడు బొమ్మంతా ముడుచుకుని నడిమధ్య తెల్లటి చుక్కై కాసేపు నిలిచి ఆరిపోయేది. పెట్టెకు చెక్క తలుపులు, అవి అటూ ఇటూ జరిగే గాడి, పైన లేసు గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలు. కొందరైతే తాళం కూడా వేసేవారు. వీటన్నిటితో పాటు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. పుస్తకంలో ముద్ర పడకపోతే తనిఖీవాళ్లొస్తారన్న భయం. ఎనభైల నడుమ ఆ లైసెన్సు రద్దయింది.

ఊరి చివరి ఇళ్లవాళ్లు బొమ్మ కోసం వెదురు గడకు యాంటెన్నా కట్టి, ఒకరు మేడ మీద తిప్పుతూ ఒకరు కిందనుంచి ‘ఆ.. ఆ.. పోయింది, వెనక్కి తిప్పు’ అని అరిచేవారు. టవర్‌కి ఇంత దగ్గరున్న సైదాబాద్ వాళ్లకు ఆ కసరత్తు తక్కువ.

అతి చవకైన తొలి అడుగు

ప్రపంచంలో చట్టబద్ధంగా డబ్బు కట్టి వేయించిన మొదటి టీవీ ప్రకటన 1941 జూలై 1న న్యూయార్క్‌లో డబ్ల్యూఎన్‌బీటీ కేంద్రం నుంచి వచ్చింది. బేస్‌బాల్ ఆట మొదలయ్యే ముందు తెర మీద అమెరికా పటం, దాని మీద బులోవా గడియారం, ఒక్క వాక్యం మాట. మొత్తం పది సెకన్లు. ఖర్చు 9 డాలర్లు.

పన్నెండేళ్లకు జపాన్‌లోనూ మొదటి ప్రకటన గడియారానిదే అయింది. 1953 ఆగస్టు 28న నిప్పన్ టెలివిజన్ ప్రారంభమైన రోజు మధ్యాహ్నం పన్నెండింటికి సీకోషా కంపెనీ టైము చెప్పబోయింది. ఫిల్మ్ రీలు తిరగేసి ఎక్కించడంతో శబ్దం రాలేదు, వెంటనే ఆపేశారు. తొలి ప్రకటనే తొలి పొరపాటుగా చరిత్రకెక్కడం మరే దేశంలోనూ జరిగినట్టు లేదు. ఆ సీకో సాంకేతిక సహకారంతోనే ఎనభైలలో మన సనత్‌నగర్ ఆల్విన్ కంపెనీ చేతి గడియారాలు చేసింది.

బ్రిటన్‌లో మాత్రం గడియారం కాదు, పళ్లు. 1955 సెప్టెంబర్ 22న ఐటీవీలో వచ్చిన గిబ్స్ ఎస్సార్ టూత్‌పేస్ట్ ప్రకటనలో మంచుగడ్డలో ఇరికించిన ట్యూబు చూపించారు.

అందరికంటే ఎక్కువ తీసిన హైదరాబాదీ

తిరుమలగిరిలో 1934 డిసెంబర్ 14న ఒక ఫొటోగ్రాఫర్ ఇంట్లో పుట్టి, పన్నెండో ఏట తండ్రి ఇచ్చిన కెమెరాతో మొదటి సినిమా తీసి, నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీని స్థాపించిన కుర్రాడు 1959లో బొంబాయి లింటాస్ ప్రకటనల కంపెనీలో కాపీరైటర్‌గా చేరాడు. పేరు శ్యాం బెనెగల్. సబ్బులకు, నూనెలకు, చీరలకు, బట్టల మిల్లులకు సినిమాలు తీసుకుంటూ పోయాడు. ప్రకటనల చిత్రాలు, డాక్యుమెంటరీలు కలిపి లెక్క తొమ్మిది వందలు దాటింది. పద్దెనిమిది జాతీయ అవార్డులు తెచ్చుకున్న దర్శకుడి చేతిలో కథాచిత్రాలకు అనేక రెట్లు ప్రకటనలున్నాయన్న సంగతి చాలామందికి తెలియదు.

కాలేజీ రోజుల్లో రాసుకున్న కథ ఒకటి ఆయన దగ్గర పన్నెండేళ్లకు పైగా పడి ఉంది. తెలంగాణ పల్లెలో ఒక దొర కొడుకు, ఇంట్లో పనిచేసే దళిత స్త్రీ. ఏ నిర్మాతా ముందుకు రాలేదు. చివరికి డబ్బు పెట్టినది సినిమా కంపెనీ కాదు, బ్లేజ్. దేశంలోని థియేటర్లకు ప్రకటనల రీళ్లు చేరవేసి వేయించడమే బ్లేజ్ వ్యాపారం. ఏ ఊళ్లో ఎన్ని హాళ్లున్నాయో, ఏ హాల్లో ఏ రోజు ఏ సబ్బు ఆడాలో వాళ్ల పుస్తకాల్లో ఉండేది. ఇంటర్వెల్‌లో మనం చూసిన ప్రకటనల మీద వచ్చిన డబ్బు అలా ‘అంకుర్’ అయింది. 1974లో వచ్చిన ఆ సినిమా చిత్రీకరణంతా హైదరాబాద్ చుట్టుపక్కలే. మాటల్లో దక్కనీ యాస. షబానా ఆజ్మీకి తొలి చిత్రంతోనే జాతీయ ఉత్తమ నటి అవార్డు. పళ్ల పొడుల లాభంతో పుట్టిన గొప్ప సినిమాలు లోకంలో ఎన్ని ఉన్నాయో గానీ, మన భాగానికి ఇదొకటి చాలు.

బెనెగల్ ప్రకటనలతోనే ఇంకో రికార్డు ముడిపడి ఉంది. శక్తి సిల్క్ చీరల ప్రకటనకు ఆయన వన్‌రాజ్ భాటియా చేత సంగీతం చేయించారు. మన దేశంలో ప్రకటన చిత్రానికి ప్రత్యేకంగా సంగీతం కట్టిన మొదటి వ్యక్తిగా భాటియాను చెబుతారు. లండన్‌లో, ప్యారిస్‌లో పాశ్చాత్య సంగీతం చదువుకుని వచ్చిన ఆయన ఆ తర్వాత 7,000కు పైగా జింగిల్స్ కట్టాడు. ‘అంకుర్’ సంగీతమూ ఆయనదే. 1975లో సైట్ పల్లెల పిల్లల కోసం బెనెగల్ 21 చిన్న చిత్రాలు కూడా తీశారు. పట్నం హాల్లో సబ్బు, పల్లె బడిలో పాఠం: రెండు తెరల మీదా ఒకరి చేతి పనే.

అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఇలాంటి మనిషే మరొకడు. 1973లో హోవిస్ రొట్టెల కంపెనీకి షాఫ్ట్స్‌బరీ ఊళ్లోని గోల్డ్ హిల్ అనే నిటారు రాళ్ల వీధిలో ఒక పిల్లాడు సైకిలు తోసుకుంటూ ఎక్కే ప్రకటన తీశాడు రిడ్లీ స్కాట్. 2006లో బ్రిటన్ ప్రజలు తమకు అన్నిటికంటే ఇష్టమైన ప్రకటనగా దాన్నే ఎన్నుకున్నారు. ఆ దర్శకుడే 1979లో ‘ఏలియన్’ తీశాడు.

అతి చల్లని స్నానం, అతి తెల్లని రంగులు

1975లో కొడైకెనాల్ దగ్గర పాంబార్ జలపాతం కింద లిరిల్ సబ్బు ప్రకటన తీశారు. లింటాస్ తరఫున ఆలిక్ పదమ్‌సీ ఆలోచన, కైలాష్ సురేంద్రనాథ్ దర్శకత్వం, కెరెన్ లూనెల్ నటన. నీళ్లు, నిమ్మకాయలు, ఆకుపచ్చ రంగుతో నడిచింది. ఆ జలపాతాన్ని ఇప్పుడు అక్కడివాళ్లే లిరిల్ ఫాల్స్ అంటున్నారు. సబ్బు పేరున ఒక జలపాతం ఉండడం కంటే పెద్ద ప్రచారం ఏ కంపెనీకి కావాలి?

అసలు వింత మాత్రం రంగుల్లో ఉంది. థియేటర్ తెర మీద ఆ ఆకుపచ్చ తళతళలాడింది. దూరదర్శన్‌లో రంగులొచ్చింది 1982 ఆగస్టు 15న, ఆ నవంబర్‌లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల టీవీల జోరు మొదలైంది. అప్పటిదాకా ఇంట్లో ఏ సబ్బైనా బూడిదే, ఏ చీరైనా బూడిదే. పట్టుచీర అంచు ఎరుపో పసుపో చెప్పడానికి మాటలు వాడుకోవాలి. కాబట్టి టీవీ ప్రకటనలో ఒక రంగు మీకు స్పష్టంగా గుర్తుంటే ఒకటి నిశ్చయం: అది డెబ్బైలలో మీరు ఇంట్లో చూసింది కాదు, హాల్లోనో, రంగులొచ్చాకో చూసింది.

ఊరి పేరున్నా ఊరి టీవీకెక్కనిది

హైదరాబాద్ పేరును దేశమంతా మోసుకెళ్లిన బ్రాండు చార్మినార్ సిగరెట్. ఆజామాబాద్‌లోని వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీది. పసుపు పెట్టె మీద నాలుగు మినార్ల బొమ్మ. సత్యజిత్ రే సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా కాల్చే సిగరెట్ కూడా ఇదే. రే స్వయంగా డీజే కీమర్ అనే ప్రకటనల కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. అయినా దూరదర్శన్ నిబంధనల్లో పొగాకు, మద్యం ప్రకటనలకు చోటు లేదు. కలకత్తా నవలలోకి ఎక్కిన చార్మినార్ తన ఊరి టీవీలోకి ఎక్కలేకపోయింది. గోడల మీద, పాన్ డబ్బాల మీద, పత్రికల్లో, సినిమా హాళ్లలో మాత్రమే ప్రచారం.

అమెరికాలో ఇదే నిషేధానికి సినిమా పక్కీ ముగింపు ఉంది. సిగరెట్ ప్రకటనలు 1971 జనవరి 2 నుంచి బంద్. జనవరి 1 రాత్రి 11:59కి ‘టునైట్ షో’లో వర్జీనియా స్లిమ్స్ ప్రకటన వేశారు. టీవీలో ఆఖరి సిగరెట్ ఒక్క నిమిషం ముందు వెలిగి ఆరింది.

పొగమంచులో పుట్టిన ఖరీదు

1971 జనవరిలో లండన్ వెళ్లాల్సిన విమానం పొగమంచు వల్ల ఐర్లండ్‌లోని షానన్‌లో దిగింది. రాత్రి చిరాకు పడ్డ ప్రయాణికులు మరుసటి పొద్దున కోకాకోలా సీసాలు పట్టుకుని కబుర్లాడుకోవడం చూశాడు అందులో ఉన్న బిల్ బ్యాకర్ అనే ప్రకటనల రచయిత. ఆ ఆలోచనే ఇటలీ కొండ మీద దేశదేశాల యువతీయువకులు నిలబడి పాడే ‘హిల్‌టాప్’ ప్రకటన అయింది. వానలు పడి మళ్లీ మళ్లీ తీయడంతో ఖర్చు దాదాపు 2,50,000 డాలర్లకు చేరింది. ఆ కాలానికి అది కనీవినీ ఎరుగని ఖర్చు. ఆ పాటలోంచి కంపెనీ పేరు తీసేసి రికార్డు విడుదల చేస్తే అదీ అమ్ముడుపోయింది.

ఆ ప్రకటన కథకు మన దగ్గర తిరుగు మలుపు ఉంది. హైదరాబాద్‌కి టీవీ వచ్చిన 1977లోనే జనతా ప్రభుత్వ నిబంధనలకు ఒప్పుకోక కోకాకోలా దేశం విడిచిపోయింది. ఖాళీ అయిన చోటికి థమ్సప్, క్యాంపా, ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ చేత తయారుచేయించిన ‘డబుల్ సెవెన్’ వచ్చాయి. కొత్త కేంద్రం తెరిచిన ఏడాదే ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రకటనదారుల్లో ఒకరు తలుపు వేసుకుని పోయారు.

అదే 1971లో అమెరికా పర్యావరణ ప్రచారం కోసం చెత్త చూసి కన్నీరు కార్చే ఆదివాసీ పెద్దమనిషిని చూపించారు. కోట్ల మంది కదిలిపోయారు. ఆ పాత్ర వేసిన ఐరన్ ఐస్ కోడీ ఆదివాసీ కాడు, ఇటలీ నుంచి వలసవచ్చిన దంపతుల కొడుకని తర్వాత బయటపడింది.

గాజు మీద గీసిన ప్రకటన

డెబ్బైలలో మన కళ్లబడ్డ ప్రకటనల్లో ఎక్కువ పాలు సినిమా హాలువే. వాటిలో అన్నిటికంటే చిన్నది, చవకైనది గాజు స్లైడు. అరచేతిలో పట్టే చదరపు గాజు పలక మీద పెయింటరు సన్నటి కుంచెతో చీరల కొట్టు పేరు, చిరునామా, పక్కన ఓ తామరపువ్వో పడుచు మొహమో గీసేవాడు. ఆ గీత జారకుండా పైన ఇంకో గాజు పెట్టి అంచులకు నల్ల కాగితం అంటించేవారు. ప్రొజెక్టరు ముందు జారిస్తే అరచేతి బొమ్మ ఇరవై అడుగుల తెరంతా నిండేది. కుంచె వెంట్రుక ఒకటి రంగులో ఇరుక్కుంటే అది తెర మీద తాడంత కనిపించేది. తలకిందులుగా పెడితే హాలంతా ఈలలు.

ఊరి కంసాలి కొట్టుకు, హోమియో డాక్టరుకు, టైపు ఇన్‌స్టిట్యూటుకు ఈ గాజు పలకే టీవీ. బొంబాయి సబ్బు కంపెనీ ఫిల్మ్ రీలు తర్వాత మన గల్లీ దర్జీ పేరు పడేది. పెద్ద బ్రాండూ చిన్న కొట్టూ ఒకే తెర మీద ఒకే సైజులో కనిపించిన ఏకైక కాలం అది. 

చూడకుండానే గుర్తున్నవి

చెవులతో చూసిన ప్రకటనలు ఇంకో రకం. వివిధ భారతిలో వాణిజ్య ప్రకటనలు 1967 నవంబర్ 1న మొదలయ్యాయి. అంతకు చాలా ముందే 1952 నుంచి రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా దేశాన్ని బుధవారం రాత్రుళ్లు రేడియో ముందు కట్టిపడేసింది. ఆ టూత్‌పేస్ట్ డబ్బాలో చిన్న ప్లాస్టిక్ జంతువు బొమ్మ దొరికేది. పులి వస్తే తమ్ముడికి, మళ్లీ పులే వస్తే గొడవకు. పేస్టు అయిపోకముందే కొత్తది కొనిపించిన తెలివి ఆ బొమ్మది. తెలుగు పాటల కోసం ఆ సిలోన్ స్టేషనే పట్టేవాళ్లకు అనౌన్సర్ మీనాక్షీ పొన్నుదురై పేరు ఇంట్లో మనిషి పేరులాగే పరిచయం.

జ్ఞాపకం వేసే అతి పెద్ద టోపీ

‘డెబ్బైల టీవీ ప్రకటనలు’ అని జనం చెప్పుకునే వాటిలో తేదీలు తేలిపోయేవి ఇవి. బేరమాడే గృహిణి లలితాజీ సర్ఫ్ ప్రకటన ఎనభైలది. దూరదర్శన్ ‘ఉడాన్’ సీరియల్ తీసిన కవితా చౌదరి అందులో నటించారు. ఆ ప్రకటన పుట్టడానికి కారణం నిర్మా. గుజరాత్ ప్రభుత్వ ల్యాబులో కెమిస్టుగా ఉన్న కర్సన్‌భాయ్ పటేల్ 1969లో సైకిలు మీద అమ్మడం మొదలుపెట్టిన ఆ పసుపు పొడి సర్ఫ్ ధరలో చిన్న వంతుకే వచ్చేది. దాని పాట టీవీకెక్కింది 1982లో. ‘హమారా బజాజ్’ 1989ది. మ్యాగీ నూడుల్స్ మన దేశానికి వచ్చిందే 1983లో. మరుసటి ఏడాది జూలై 7న మొదలైన ‘హమ్ లోగ్’ సీరియల్‌ని స్పాన్సర్ చేసి ఇంటింటికీ చేరింది.

మరి ఇవన్నీ డెబ్బైలవని ఎందుకనిపిస్తాయి? ఆ తరం పిల్లలకు మొదటి టీవీ ఎప్పుడొచ్చిందో అప్పుడే కాలం మొదలైంది. సైదాబాద్‌లో ఎవరింట్లో 1978లో సెట్టు వచ్చిందో వాళ్లకు ఒక లెక్క, ‘రామాయణ్’ కోసం 1987లో కొన్నవాళ్లకు ఇంకో లెక్క. ఇద్దరూ ‘మా చిన్నప్పుడు’ అనే అంటారు.

దీర్ఘాయుష్మంతులు

గిన్నిస్ లెక్కల్లో అత్యంత దీర్ఘకాలం ఆగకుండా నడిచిన టీవీ ప్రకటన డెబ్బైలదే. అమెరికాలో డిస్కౌంట్ టైర్ కంపెనీది, 1975 నాటిది. టైరు నచ్చకపోతే వాపస్ ఇవ్వండని చెబితే ఒక ముసలావిడ నేరుగా షాపు అద్దం పగలగొట్టి టైరు లోపలికి విసురుతుంది. పది సెకన్లలో అయిపోతుంది.

తెలుగువాళ్లకు ఈ పోటీలో నిలబడగల పెద్దలు ఇద్దరున్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో ఉచితంగా పంచిపెట్టారు. తలనొప్పి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకే రాత్రి పరిచయం చేసిన ప్రచారం అది. ఆ లాభంతో ఆంధ్రపత్రిక పుట్టింది. రెండోది ఇక్కడిదే. 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన మందు జిందా తిలిస్మాత్. సీసా మీద ఆఫ్రికా యోధుడి బొమ్మ నూరేళ్లు దాటినా అదే. ఓల్డ్ సిటీ కిరాణా కొట్టులో దాన్ని కొనడానికి పేరు చదవక్కర్లేదు, బొమ్మ చూపిస్తే చాలు.

అతి పొట్టి యాత్ర

చివరగా ఒక రికార్డు మీరే నెలకొల్పుకోవచ్చు. టీవీ ప్రకటనల చరిత్రంతా ఒక పూటలో చుట్టి రావడానికి మరే ఊళ్లోనూ ఇంత దగ్గరి దారి దొరకదు. సైదాబాద్‌లో బయల్దేరి ఉత్తరానికి వెళ్తే మూసారాంబాగ్‌లో టవర్. వంతెన మీద మూసీ దాటితే అంబర్‌పేటలో జిందా తిలిస్మాత్ కార్ఖానా. ఇంకాస్త ముందుకు రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం. అక్కడి నుంచి ఉప్పల్ దిక్కు తిరిగి పైకి పోతే ఈసీఐఎల్. సరుకు, స్టూడియో, ప్రసారం, పెట్టె: నాలుగూ ఒకే వరసలో. బెనెగల్ పుట్టిన తిరుమలగిరి కూడా చూడాలంటే ఈసీఐఎల్ నుంచి పడమటికి తిరగాలి. ఆదివారం పొద్దున బయల్దేరండి, ట్రాఫిక్ తక్కువ. తోడు ఇంట్లో పెద్దవాళ్లనొకరిని తీసుకెళ్లండి, ఏ ప్రకటన ఏ హాల్లో చూశారో దారంతా చెబుతారు. తేదీలు మాత్రం మీరే సరిచూసుకోండి.